ఓడెక్కినవాడు ఇంటికెలా చేరాడు

రాజమండ్రి ఒడ్డున స్టీమరు కూత వేసింది. కొవ్వూరు రేవు మెట్ల మీద కూర్చుని ఒకే చెంబును నాలుగోసారి తోముతున్న మాణిక్యాంబ చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది. స్టీమరు అక్కడ బయల్దేరి, ఇసుక మేటలు తప్పించుకుంటూ, కొత్తగా కడుతున్న రైలు వంతెన స్తంభాల పక్కనుంచి చుట్టు తిరిగి ఈ ఒడ్డుకు వచ్చేసరికి గంట పడుతుంది. మార్గశిరంలో గోదావరిది అదే వరస, ఎదురుగా కనిపించేదానికి కూడా పక్కకి తిరిగి రావాలి. ఆ స్టీమరులో ఆమె భర్త భాస్కరం ఉన్నాడు. ఎఫ్.ఏ. పరీక్షలో ఇంగ్లీషు పేపరు రాయడానికి పొద్దున్నే వెళ్ళాడు. ఇది మూడోసారి. అతని ఇంగ్లీషు పుస్తకం ఇక్కడ, ఆమె పక్కనున్న బట్టల బుట్టలో, పొడి తువ్వాలులో చుట్టి ఉంది. అందులో అతను చదవని పుటలు రెండున్నాయి. ఆ సంగతి అతనికి తెలియదు. ఆమెకు మధ్యాహ్నం నుంచీ తెలుసు.

తెలిసి ఏం చేస్తుంది, మధ్యన గోదావరి ఉంది. పరుగెత్తుకెళ్ళి చెప్పి రావడానికి అది పెరటి గోడా? లెక్కల్లో, సంస్కృతంలో, చరిత్రలో భాస్కరానికి వంక పెట్టేవాడు లేడు. ఇంగ్లీషు దగ్గరకి వచ్చేసరికి మాత్రం రెండేళ్ళూ బొక్కబోర్లా పడ్డాడు. మొదటి ఏడు జ్వరం అన్నారు, రెండో ఏడు దిష్టి అన్నారు. మూడో ఏటికి ఇంట్లో సాకులు నిండుకున్నాయి. మామగారు వీధరుగు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేట్టు చెప్పేశారు: "ఈసారి తప్పావా, పోలవరం వెళ్ళిపో. మీ మేనమామ దగ్గర కలప తెప్పలు దింపించే పనుంది. దుంగలకి ఇంగ్లీషు అక్కర్లేదు." ప్యాసైతే భీమవరం బడిలో మేష్టరు పని ఇప్పిస్తామన్నవాళ్ళున్నారు. భీమవరంలో రెండు గదుల ఇల్లు, ఎవరూ లేని సాయంకాలాలు. అక్కడ కాపరం పెట్టిన మర్నాడే నీకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పుతానని భాస్కరం మాటిచ్చాడు. ఇప్పుడే నేర్పకూడదాండీ అంటే, ముందు నన్ను గట్టెక్కనియ్యవే అన్నాడు. ఇంట్లో అందరూ ఆ ప్యాసు కోసం ఉద్యోగమనీ పరువనీ ఎదురు చూస్తున్నారు. మాణిక్యాంబ ఎదురు చూస్తున్నది అక్షరాల కోసమని ఎవరికీ తెలియదు, తెలిస్తే నవ్వుతారు. ఇరవై ఏళ్ళ మనిషికి అదేం కోరికని అత్తగారు బుగ్గలు నొక్కుకుంటారు.

చిన్నప్పుడు కోనసీమలో పుట్టింట్లో, తండ్రి ఘనపాఠి, పొద్దు పొడవకుండానే శిష్యుల్ని కూర్చోబెట్టి వేదం సంత చెప్పేవాడు. ఆయన ఒకసారి చెబితే వాళ్ళు రెండుసార్లు చెప్పాలి. ఒకటికి రెండు, ఒకటికి రెండు, అలా పనసకి పనస. ఆయన దృష్టిలో పుస్తకం చూసి చదివేవాడు చదువుకున్నవాడే కాదు. ఇంట్లో కాగితమన్నది ఉండేది కాదు, అంతా చెవిలోంచి గొంతులోకే. గోడకి ఇవతల మాణిక్యాంబ పేడనీళ్ళు చల్లుతూ వినేది. ఆడపిల్ల ఆ మాటలు పైకి అనకూడదు కాబట్టి పెదవి కదపకుండా నేర్చుకుంది. ఒకనాడు శిష్యుడొకడు తడబడి ఆగిపోతే, తరవాతి మాట ఆమె గొంతులో ఇంతవరకూ వచ్చి ఆగింది. మింగేసింది. దాని రుచి ఇప్పటికీ గుర్తే. అలా ఎన్ని మింగిందో! పదేళ్ళకి పెళ్ళయి, పద్నాలుగో ఏట కాపరానికి వచ్చేసరికి ఆమె లోపల బోలెడంత చదువు ఉంది, పైకి తియ్యడానికి వీల్లేకుండా. అందులో ఒక్క ముక్కకైనా అర్థం ఏమిటో ఆమెకు తెలియదు. తండ్రిని అడగడానికి ధైర్యం చాల్లేదు, తల్లినడిగితే, మనకెందుకే అమ్మా అంది.

ఇక్కడికి వచ్చాక భాస్కరం చదువు చూసింది. కాలేజీలో రెండోసారి తప్పాక అతను ఇంటిదగ్గరే కూర్చుని చదవడం మొదలెట్టాడు. వంటింటి పక్క గదిలో ముందుకీ వెనక్కీ ఊగుతూ బిగ్గరగా వల్లిస్తాడు, తెల్లవాళ్ళ మాటలు తన తాతగారి యాసలో. ఒకనాడు వంకాయలు తరుగుతూ ఉంటే అతను ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. మొదట్నుంచీ ఎత్తుకున్నాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. మూడోసారి కూడా ఆగేసరికి మాణిక్యాంబ, కత్తిపీట మీదనుంచి తల ఎత్తకుండా, తరవాతి మాట అనేసింది. గదిలో ఊగడం ఆగిపోయింది. భాస్కరం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏమన్నావు అన్నాడు. ఇన్నేళ్ళూ మింగిన అలవాటు ఆ క్షణాన ఎలా తప్పిపోయిందో! మళ్ళీ అనమన్నాడు. అంది. ఆ తరవాతది? అదీ అంది. ఆ పుట ఆఖరుదాకా చెప్పింది. అతను గుమ్మానికి చేరబడి చేతులు కట్టుకుని విన్నాడు, ఆమె తండ్రి ఎదుట శిష్యులు విన్నట్టు. వేదం ఆడది పలకకూడదన్నారు గాని ఇంగ్లీషు పలకకూడదని ఏ శాస్త్రంలోనూ రాయలేదు, రాయడానికి ఆ శాస్త్రాలనాటికి ఇంగ్లీషు లేదు. ఆ రోజు ఆమె నోట్లోంచి చదువన్నది మొదటిసారి పైకి వచ్చింది. వంకాయ ముక్కలు నల్లబడిపోయి, కూర పాడైందని అత్తగారు సణిగినా ఆమెకు వినపడలేదు.

ఆ తరవాత అదే పద్ధతైపోయింది. అతను పుస్తకం చూసి ఒకసారి చదువుతాడు, ఆమె రెండుసార్లు అంటుంది. తరవాత అతను పుస్తకం మూసి ఎత్తుకుంటాడు, తప్పితే ఆమె అందిస్తుంది. ఈ కొత్త పుస్తకం వచ్చి రెండు నెలలు, దసరాల్లో వచ్చింది, ఈ రెండు నెలల్లో అట్ట నుంచి అట్ట దాకా ఆమెకు వచ్చేసింది. ఎక్కడ అతను ఊపిరి పీలుస్తాడో, ఎక్కడ పుట తిప్పుతాడో, ఆ తిప్పిన చప్పుడు కూడా ఆమెకు పాఠంలో భాగమే. అర్థం మటుకు ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు, తీరిక దొరికినప్పుడు, అన్నం కలుపుకుంటూ. ఆ పుస్తకంలో ఓడవాడి కథ ఒకటుంది. పెళ్ళాన్నీ ఊరినీ వదిలి ఒకడు ఓడెక్కుతాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు చేతులూపుతారు. అక్కడ పుట తిప్పుతాడు భాస్కరం. తిప్పగానే ఆ ఓడవాడు తన ఇంటి వాకిట్లో ముసలివాడై కూర్చుని చుట్ట కాలుస్తూ ఉంటాడు. మొదటిసారి విన్నప్పుడే మాణిక్యాంబకి అక్కడ కాలికి రాయి తగిలింది. వరస తెగింది, నడక కలవలేదు, పైగా పుట తిప్పిన చప్పుడు కూడా అక్కడ కాస్త బరువుగా ఉంది. "ఓడెక్కినవాడు ఇంటికెలా వచ్చాడండీ?" అని అడిగింది. "వాళ్ళ కథలంతేనే, వచ్చేస్తారు" అన్నాడు భాస్కరం, మజ్జిగ పోసుకుంటూ. రెండు రోజులాగి మళ్ళీ అడిగింది. "నీకేం పని లేదా ఏంటి?" అన్నాడు. కార్తీక మాసంలో దీపాలు వదిలేటప్పుడు ఇంకోసారి అడిగితే నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఇష్టమే, కాని ఓడవాడు ఎలా వచ్చాడో తెలియలేదు. రాత్రిళ్ళు ఒక్కొక్కప్పుడు అదే ఆలోచన. అంత నీళ్ళ మీద పోయినవాడు ఊరికే ఎలా వచ్చేస్తాడు? ఆవిడ ఎన్నాళ్ళు ఎదురు చూసింది? వచ్చేనాటికి ఇంట్లో ఉందా?

"ఏంటమ్మగారూ, ఆ చెంబుకి ఇంకా మురికుందా ఏంటి?"

లంకల్లో పచ్చగడ్డి కోసుకుని దోనెలో వచ్చిన తలుపులమ్మ మోపు దించి మెట్ల మీద ఊపిరి తీసుకుంటోంది. రోజూ ఈ వేళకి కనిపించే మనిషే. మాణిక్యాంబ చెంబు వైపు చూసింది. బంగారంలా మెరుస్తోంది పాపం.

"మా ఆయన వస్తున్నారే. పరీక్షకి వెళ్ళారు."

"అయితే చెంబుకేటండి, మనసుకి తోమండి" అని నవ్వి, తలుపులమ్మ మోపు నెత్తికెత్తుకుంది. "మా మావ పోయిన సోమారం వంతెన పనికెళ్ళాడు. నీళ్ళల్లో దిగే పని. నేనూ ఇంతేనండి, ఆడొచ్చేదాకా ఈ నీళ్ళకేసే చూత్తాను."

ఆమె వెళ్ళిపోయింది. స్టీమరు పొగ ఇసుక తిన్నెల అవతల సన్నగా కనిపిస్తోంది. వంతెన స్తంభాల దగ్గర సుత్తుల చప్పుడు, ఒక దెబ్బ కనిపించాక కాస్సేపటికి వినిపిస్తోంది. అది పూర్తయితే పరీక్షకి వెళ్ళినవాళ్ళు పావుగంటలో తిరిగొచ్చేస్తారట. పావుగంటలో ఈ ఆలోచనలన్నీ పడతాయా?

చెయ్యి దానంతట అదే బుట్టలోకి వెళ్ళి తువ్వాలు తడిమింది. పసుపు వాసన. ఆ వాసన తగలగానే ఆశ్వయుజం కళ్ళ ముందుకొచ్చింది. మూలా నక్షత్రం నాడు పొద్దున్న మద్రాసు నుంచి టపాలో పుస్తకం వచ్చింది. పాతది పనికిరాదు, ఏటేటా పుస్తకం మారుతుందట. భాస్కరం దారం విప్పబోతుంటే అత్తగారు గద్దించారు. సరస్వతీ పూజనాడు కొత్త పుస్తకం ముందు అమ్మవారి దగ్గర పెట్టాలి గాని విప్పుతారా అన్నారు. పెట్టిన పుస్తకం శ్రవణా నక్షత్రం దాకా ముట్టకూడదు. పసుపు పెట్టమని మాణిక్యాంబకే చెప్పారు. కొత్త చీరకి పెట్టినట్టు నాలుగు మూలలా కొంచెం చాలు. ఆమె చేతికి కొంచెం సరిపోలేదు. ఈసారైనా గట్టెక్కాలని, పోలవరం వద్దని, భీమవరం కావాలని, అక్షరాలు రావాలని, ఒక్కొక్క కోరికకి ఒక్కొక్క వేలు ముంచింది. తడిపసుపు చిక్కగా కలిపి మూలలకీ అంచులకీ, మూసిన పుటల వారకీ పట్టించింది. దణ్ణం పెట్టుకుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అంత భక్తిగా ఆమె తన పెళ్ళినాడు కూడా దణ్ణం పెట్టుకోలేదు. మూడు రోజులు పీట మీద ఆ పుస్తకం ఆరింది. విజయదశమినాడు భాస్కరం దాన్ని తీసి పుటలు విడదీస్తుంటే చిటచిటలాడి పసుపు పొడి రాలింది. అతను ఒళ్ళో పడ్డ పొడిని కళ్ళకద్దుకున్నాడు. అతను విడదీసినవన్నీ విడిపోయాయనే అనుకున్నారు ఇద్దరూ.

ఇవాళ మధ్యాహ్నం, అక్కడ గంట కొట్టి కాగితాలు ఇచ్చే వేళకి, ఆమెకి కాలూ చెయ్యీ ఆడలేదు. అక్కడ అతను తడబడితే అందించేవాళ్ళెవరు? రెండు నెలలుగా మాట ఆమె అందిస్తేనే కదా అతనికి నోరు తిరిగేది, ఆ అలవాటు చేసింది తనే కదా. అత్తగారు కునుకు తీస్తుంటే పుస్తకం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మొదటినుంచీ మెల్లగా చెప్పడం మొదలెట్టింది, ఆమె ఇక్కడ అంటే అక్కడ అతనికి అందుతుందన్నట్టు. చదవడం రాకపోయినా, చెబుతూ, అతను ఎక్కడ తిప్పుతాడో అక్కడ తనూ పుట తిప్పుతూ వెళ్ళింది. అక్షరాలు కళ్ళ కిందనుంచి పోతున్నాయి, వాటి చప్పుడు నోట్లో ఉంది, దేని చప్పుడు ఏదో మాత్రం తెలియదు. ఒడ్డున ఉన్నవాళ్ళు చేతులూపే చోటికి వచ్చి పుట తిప్పబోతే వేలికి అది మందంగా తగిలింది. ఎండకి ఎత్తి చూసింది. ఒక కాగితం కాదు, రెండు. తాటాకు ముక్క ఒకటి తెచ్చి అంచున దూర్చి, ఊపిరి బిగబట్టి, ఇంతింత జరిపింది. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. రెండు కాగితాలూ విడిపోయి, లోపల రెండు పుటలు, నిండుగా, నల్లగా, ఎవరి కన్నూ పడనివి, ఆమె ముందు తెరుచుకున్నాయి. అంచున ఆమె వేలిముద్ర పచ్చగా ఉంది.

ఓడవాడు ఎలా వచ్చాడో అక్కడే ఉంది. ఆమె చేతుల్లోనే ఉంది. పుస్తకమంతటిలోనూ ఆమెకు రానివి ఆ రెండే పుటలు, ఎందుకంటే అతను చదవలేదు కాబట్టి. ఎంతసేపు చూసిందో తెలియదు. కన్నార్పకుండా చూస్తే జాలిపడి ఒక్క అక్షరమైనా పలుకుతుందేమోనని చూసింది. తనెరిగిన మాట ఏదైనా ఉంటుందేమోనని పక్క పుటలతో పోల్చి చూసింది. ఒకచోట ఉన్న ఆకారం ఇంకోచోట ఉంది, అది ఏ మాట? ఇంత చదువు కడుపులో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయినట్టు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు గోడ అవతల, ఇప్పుడు కాగితం అవతల. ఏడుస్తూంటే అప్పుడు తట్టింది అసలు సంగతి. పరీక్షలో ఈ పుటల్లోంచి అడిగితే? అడిగితే అతని మూడో ఏడు తన చేతుల మీదుగా పోయినట్టే. కలప తెప్పలు, పోలవరం, అతను అక్కడ, తను ఇక్కడ ఈ మెట్ల మీద, చెంబుతో.

అంటించేద్దామా అని కూడా అనుకుంది. అన్నం మెతుకు పెట్టి నొక్కేస్తే ఎవరికీ తెలియదు. అత్తగారికి తెలిస్తే ఈ జన్మకి మరిచిపోనివ్వరు. భాస్కరం ఏమీ అనడు, అనకుండా అటు తిరిగి పడుకుంటాడు, అది ఇంకా కష్టం. మెతుకు వేళ్ళ మధ్య నలిపింది కూడా. నలిపి కాకికి వేసేసింది. మూసేస్తే ఓడవాడు మళ్ళీ నీళ్ళలోనే ఉండిపోతాడు. అతనికి ఒడ్డు ఇవ్వకుండా ఎలా నిద్రపోవడం? అందుకే పుస్తకం తువ్వాలులో చుట్టి రేవుకి తెచ్చింది, ఇంట్లో నలుగురి మధ్యా కాకుండా ఇక్కడే చెప్పేద్దామని. చెప్పే మాటలు తోచక చెంబు తోముతోంది.

స్టీమరు వచ్చేసింది. స్టీమరు కళాసీ అబ్బులు తాడు విసిరి గుంజకి చుట్టాడు. మనుషులు దిగారు, మూటలు దిగాయి, కోళ్ళ గంప దిగింది. అందరికన్నా వెనకాల భాస్కరం దిగాడు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని. ఆమెను చూసి ఆశ్చర్యపడ్డాడు, కాని ఇలా రేవులో ఏంటని అడగలేదు. రెండు మెట్లు పైన వచ్చి కూర్చున్నాడు. అబ్బులు దీపం వెలిగించుకోవడానికి స్టీమరులోకి వెళ్ళాక, నీళ్ళకేసి చూస్తూ అన్నాడు:

"అన్నీ వచ్చాయి మాణిక్యం. తడబడ్డచోటల్లా నీ గొంతు వినపడింది. ఒక్కటి తప్ప."

ఆమె చెంబు మెట్టు మీద పెట్టేసింది.

"పెద్ద ప్రశ్న. నీ ప్రశ్నే. ఓడెక్కినవాడు ఇంటికెలా చేరాడో రాయమన్నాడు."

"ఏం రాశారు?"

"ఓడ దిగి, నడుచుకుంటూ వచ్చాడని రాశాను." నవ్వబోయాడు. రాలేదు. "రెండు నెలలు అడిగావు. ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూశానా?"

మాణిక్యాంబ చేతులు చెంగుకి తుడుచుకుంది. తువ్వాలు విప్పి, ఆ రెండు పుటలూ తెరిచి, పుస్తకం మెట్టు మీద అతని ముందు పెట్టింది. "ఇక్కడుందండీ ఆయనొచ్చిన దారి. పూజనాడు నేను పెట్టిన పసుపుకి అంటుకుపోయింది. మధ్యాహ్నం విడదీశాను. నేను చేసిన పనే ఇది."

అతను పుస్తకం మీదకి వంగాడు. పచ్చటి వేలిముద్ర చూశాడు. చాలాసేపు పెదవులు మాత్రం కదిలాయి. ఆమె అతని మొహం చూస్తూ కూర్చుంది, కోపం ఎక్కణ్ణించి మొదలవుతుందో కనిపెడదామని. కోపం రాలేదు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఓడ బద్దలైందే" అన్నాడు చివరికి. "పదకొండేళ్ళు ఒక దీవిలో ఒక్కడూ ఉన్నాడట. మాట మరిచిపోతానేమోనని రోజూ పొద్దున్నే తన ఊరివాళ్ళ పేర్లన్నీ పైకి చెప్పుకునేవాడట. ఇంకో ఓడ ఆ దారిన పోతుంటే ఆ గొంతు విని ఆగిందట."

మాణిక్యాంబ కళ్ళు మూసుకుంది. పదకొండేళ్ళు. అదీ సంగతి. ఊరికే ఎలా వచ్చేస్తాడు మరి.

"మొదట్నుంచీ చదువుతాను, విను" అని అతను గొంతు సవరించుకున్నాడు.

"చదవకండి."

అతను తలెత్తాడు.

"మీరు చదివితే నాకు వచ్చేస్తుంది. ఇదీ వచ్చేస్తుంది, మిగతావాటిలాగే. నాకలా వద్దండీ." ఆమె పుస్తకం తన వైపుకి తిప్పుకుంది. "ప్యాసయ్యాక నేర్పుతానన్నారు. మీరు ప్యాసవుతారో లేదో, భీమవరమో పోలవరమో నాకు తెలీదు. నేనిక ఆగలేను. ఏది ఏ అక్షరమో చూపించండి."

వంతెన దగ్గర సుత్తులు ఆగిపోయాయి. ఇంకా అరగంట వెలుతురుంది. భాస్కరం ఒక మెట్టు కిందికి దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. చెంబు తోమిన చింతపండుకి నానిపోయి మడతలు పడ్డ ఆమె చూపుడువేలు పట్టుకుని, పుట మొదట్లో ఉన్న మొదటి అక్షరం మీద ఆనించాడు. దాని పేరు ఒకసారి చెప్పాడు.

ఆమె రెండుసార్లు చెప్పింది.